అప్ప తిరగేసిన బొమ్మ

పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు ముందుగదిలో గోడకున్న ఆయిల్ పెయింటింగ్ దగ్గర ఆగుతారు. ఆగి, కాస్త ముందుకు వంగి, ముక్కు ఎగబీలుస్తారు. ముట్టుకోవద్దని నేను అనేలోపే వేలితో ఒకసారి రాసి చూస్తారు. బొమ్మంతా వేలికి గరుకుగా తగులుతుంది. పై నుంచి కింది దాకా చిన్న చిన్న గళ్లు, అక్కడక్కడా ఏదో తళుక్కుమంటుంది. ఇదేం పద్ధతండీ అని అడుగుతారు. ఫ్రెంచివాళ్ల పద్ధతి అని గొప్పగా చెప్పేదాన్ని మొదట్లో. ఇప్పుడు మానేశాను. అది మా అప్ప పద్ధతి.

అప్ప అంటే అక్క. మా అమ్మానాన్నలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామానులో ఈ మాట కూడా ఉంది. మిగతా మాటలు సగానికి సగం హిందీలో కలిసిపోయాయి. ఇది మాత్రం మా ఇంట్లో అలాగే ఉండిపోయింది. అప్ప నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నేను బడికి పోయే ఈడు వచ్చేసరికి ఆవిడ బడి మానేసి హార్బరు అవతల హోప్ టౌన్ ఒడ్డున చేపలు ఎండబెడుతోంది. ఇప్పటికీ అదే పని, అదే ఒడ్డు.

ఇక నేను. ప్రభుత్వ ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ గుమాస్తాని. వచ్చిన కాగితానికి నంబరు వేస్తాను, పోయే కాగితానికి స్టాంపు కొడతాను. యాభైకి దగ్గరపడ్డాక ఎందుకో నాకు రంగుల పిచ్చి పట్టుకుంది. ఫోనులో వీడియోలు చూసి మొదలుపెట్టాను. అందులో ఇంప్రెషనిజం అనే పద్ధతి నాకు బాగా నచ్చింది. కారణం సిగ్గుపడకుండా చెప్పేస్తాను. నాకు కళ్లూ ముక్కూ కుదురుగా గీయడం రాదు. ఆ పద్ధతిలో వాటి అవసరమే లేదు. ఆరుబయట కూర్చుని, వస్తువుని వదిలేసి దాని మీద పడ్డ వెలుతురుని, అది మారిపోయేలోపు గబగబా మచ్చలు మచ్చలుగా వేసేయాలి. దగ్గర్నుంచి చూస్తే మచ్చలే కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే మనిషి కనిపించాలి. నా బొమ్మల్లో దూరం నుంచి కూడా ఒక్కోసారి మచ్చలే కనిపించేవి. అది వేరే సంగతి.

రంగుల ట్యూబులు చెన్నై నుంచి ఓడలో రావాలి. తెల్లరంగు అయిపోతే ఓడ వచ్చేదాకా నా ఆకాశంలో మబ్బులుండవు. వారానికోసారి ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్లి దిద్దించుకునేదాన్ని. బెంగాలీ ఆయన, ఈ దీవుల్లోనే పుట్టారు, తిట్టడానికి మాత్రం హిందీ వాడతారు. ఏటా తన శిష్యుల బొమ్మలన్నీ చేర్చి ఒక ఆదివారం ప్రదర్శన పెడతారు. ఆ ఏడు నన్నూ ఒకటి ఇమ్మన్నారు. పల్లె ఉండాలి, అందులో ఒక్కతే ఆడమనిషి ఉండాలి, ఇంకేమీ పెట్టొద్దు అన్నారు. వదిలేస్తే నేను కొబ్బరిచెట్లతో నింపేస్తానని ఆయన భయం.

ఒక్కతే ఆడమనిషి అనగానే నాకు అప్ప తట్టింది. దానికో కారణం ఉంది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి, లేకపోతే మిగతాదంతా ఉత్త చేపల గొడవలా వినిపిస్తుంది.

అప్ప వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని ఫెర్రీలో హార్బరు దాటి వచ్చి, గోల్ ఘర్‌లో మా వీధి మొదట్లోనే కూర్చుని ఎండుచేపలు అమ్ముతుంది. ఒక సాయంత్రం నేనూ మా ఆఫీసు సూపరింటెండెంట్ మేడమూ కలిసి నడిచి వస్తున్నాం. మేడం గంప ముందు ఆగి వంగింది. నెత్తళ్లు వేళ్లతో కెలుకుతూ, మచ్ఛీవాలీ, ఇందులో ఇసకుంది అని హిందీలో విసుక్కుంది. తల మాత్రం ఎత్తలేదు. అప్ప నన్ను చూసింది. నేను చెప్పవలసినవి రెండే మాటలు. మేరీ దీదీ. మా అక్క అని. చెప్పలేదు. నా చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. అప్ప మళ్లీ నా వైపు చూడకుండా మేడం సంచిలో ఇంకో గుప్పెడు కొసరు వేసింది. కాసేపయ్యాక ఎప్పట్లాగే మా ఇంటికి వచ్చి టీ తాగింది, మా ఆయన దగ్గుకి కషాయం చెప్పింది, వెళ్లిపోయింది. ఆ సంగతి ఎత్తనే లేదు. ఎత్తి నాలుగు దులిపినా నాకు నిద్ర పట్టేది.

అందుకని అప్పని గోడకి ఎక్కించాలనుకున్నాను. గంపలో ఉన్నదాన్ని తల దించుకుని చూస్తారు గానీ గోడకున్నదాన్ని చూడాలంటే తల ఎత్తి తీరాలి. పోర్ట్ బ్లెయిర్ అంతా వచ్చి తలెత్తి అప్పని చూడాలి. నోరు తెరవలేని పిరికితనానికి రంగులు పూసి సరిపెట్టుకుందామన్నది నా తెలివి.

అప్ప ఒప్పుకుంది. ఒప్పుకున్న తీరు మాత్రం నాకు చెమటలు పట్టించింది. ఆదివారం మొదటి ఫెర్రీకి నేను స్టాండూ కేన్వాసూ మోసుకుని దిగేసరికి, ఆవిడ పెళ్లిళ్లకి కట్టే ఊదారంగు పట్టుచీర కట్టి, మొహానికి పౌడరు దట్టించి, ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒడిలో చేతులు పెట్టుకుంది. పాసుపోర్టు ఫొటోకి కూడా ఎవరూ అంత బిగుసుకుపోరు. అలా కాదు, నువ్వు రోజూ కట్టే ఆ వెలిసిపోయిన ఆకుపచ్చ చీరలో, నీ పని నువ్వు చేసుకుంటూ ఉండాలి అన్నాను. వెలిసిన కోకతో నలుగురికీ చూపించడానికా నన్ను పిలిచావు అని గంటసేపు వాదించింది. చివరికి చీర మార్చుకుంది గానీ జాకెట్టు మార్చనంది. కాబట్టి బొమ్మలో ఆకుపచ్చ చీర మధ్య ఊదారంగు మచ్చ ఒకటి ఉంటుంది. తర్వాత మాస్టారు దాన్ని చూసి చాలా ముచ్చటపడ్డారు. నీడలో ఊదారంగు కనిపించాలంటే గొప్ప కన్నుండాలి అన్నారు. అది నీడ కాదు, పట్టు జాకెట్టు. నేను సవరించలేదు.

అసలు కష్టం ఒంటరితనం దగ్గర వచ్చింది. హోప్ టౌన్‌లో ఎవరినైనా ఒంటరిగా పట్టుకోవడం నావల్ల కాలేదు. పక్కింటి పిన్ని వచ్చి నేను బొమ్మలో పడనులే అంటూ అప్ప పక్కనే చతికిలబడింది. ఆవిడ వెనక ఆవిడ మేకలు. బావ, అంటే అప్ప మొగుడు, బోటు ఇంజను పాడైందని ఆ రోజే ఒడ్డున ఉన్నాడు, ఇంజను ముక్కలన్నీ తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గరే పరిచాడు. అందరినీ బతిమాలి, మేకల్ని తోలి, మీరంతా నా వెనక్కి వచ్చి నిలబడండి అని చెప్పాను. అదే నేను చేసిన తప్పు. వెనక్కి వచ్చినవాళ్లని చూసి ఇంకొందరు వచ్చారు. చివరికి లెక్కపెడితే నా వెనక పదకొండు మంది ఉన్నారు, మేకలు కాకుండా. నేను ముందు కూర్చుని ఒంటరి స్త్రీని గీస్తుంటే, వాళ్లు నా భుజం మీదుగా తొంగిచూస్తూ, చెయ్యి లావైంది, నడుం పోయింది అని అప్పకి కేకేసి చెబుతున్నారు.

అప్ప కదలకుండా ఉంటుందనుకోవడం నా ఇంకో పొరపాటు. వెదురుబద్దలతో కట్టిన మంచె మీద పాత వల పరిచి, దాని మీద కవళ్ల చేపల్ని వరసగా పేర్చి ఎండబెడుతుంది ఆవిడ. వల గళ్లలోంచి కిందినుంచి కూడా గాలి తగలాలి. ఆవిడకి గడియారం అక్కర్లేదు. తన నీడ తన కాళ్ల కిందికి వచ్చేదాకా చేపలు ఒక పక్క ఆరాలి. నీడ కాళ్ల కిందికి రాగానే మంచె మీద ఉన్నదాన్నల్లా తిరగేయాలి. ఒక్కటి మర్చిపోయినా ఆ ఒక్కటే పురుగుపట్టి పక్కవాటిని పాడుచేస్తుంది. తిరగేశాక గాలికి లేవకుండా అరచేత్తో ఒకసారి అదుముతుంది. నేను కదలొద్దు అప్పా అని మొత్తుకుంటుంటే, ఆవిడ నీడ వైపు చూసుకుని, తిప్పకపోతే కుళ్లిపోవా అని చక్కా పని మొదలుపెట్టింది. బొమ్మలో ఆవిడ సగం వంగి ఉండటానికి కారణం అదే. వంగిన వీపు, చాపిన చెయ్యి, వెనక మండిపోతున్న నీళ్లు, కింద తెల్లటి చేపల వరస. అంతే ఉంది. అంతే చాలనిపించింది. నిజం చెప్పాలంటే నా జీవితంలో నేను చేసిన మంచి పని అదేనని ఆ మధ్యాహ్నం అనిపించింది.

అప్ప చేతులు తుడుచుకుని వచ్చి చూసింది.

“మొకమేదీ?” అంది.

ఈ పద్ధతిలో మొహం దగ్గర్నుంచి కనపడదు, దూరం వెళ్లి చూడాలి అన్నాను. ఆవిడ నిజంగానే జెట్టీ దాకా నడిచి వెళ్లి, అక్కణ్నుంచి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, తిరిగి వచ్చింది. అక్కణ్నుంచీ లేదు అని చెప్పింది. నా మొహం చూసి జాలేసినట్టుంది, ఇన్నేళ్లు ఎండలో నిలబడితే మొకం అలాగే చెరిగిపోతుందిలే, నీ తప్పేముంది అని నన్నే ఓదార్చింది. ఆవిడకి మింగుడుపడనిది వేరే ఉంది.

“ఒలే, నన్నొక్కదాన్నే ఏసినావేటి? ఊరు ఎలేసిందనుకోరా సూసినోళ్లు?”

ఒంటరిగా ఉంటేనే కళ అని నేను వివరించబోయాను. పిన్ని, బావ, మిగతా తొమ్మిదిమంది, అందరూ అప్ప పక్షమే. కనీసం ఒక మేకనైనా పెట్టమన్నారు. పెట్టలేదు.

ప్రదర్శన ఇంకా మూడు వారాలుంది. మాస్టారి దగ్గర ఒకటే నియమం. రంగు ఆరని బొమ్మ హాల్లోకి రాకూడదు. ఆయిల్ రంగు మామూలుగానే నెమ్మదిగా ఆరుతుంది, నేను పొదుపు తెలియని మనిషిని కాబట్టి వేలిమందాన వేశాను. దానికి తోడు ఆ మర్నాటి నుంచే వాన పట్టుకుంది. మా ఇంట్లో ఉప్పు నీరుకారుతోంది, తువ్వాళ్లకి బూజు వాసన, అలాంటప్పుడు రంగు ఆరమంటే ఎలా ఆరుతుంది. ఫ్యాను కింద పెట్టాను. ఇస్త్రీ పెట్టె దూరంగా పట్టుకుని చూశాను. రెండు వారాలు గడిచినా వేలు పెడితే వేలికి సముద్రం అంటుకునేది. దరఖాస్తు ఫారం మాత్రం ముందే ఇచ్చేశాను. బొమ్మ పేరు అన్నచోట ‘అకేలీ ఔరత్’ అని రాశాను, ఒంటరి స్త్రీ అని. ఈవిడ ఎవరని మాస్టారు అడిగితే, ఊళ్లో ఒక మచ్ఛీవాలీ అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యమేసింది.

ప్రదర్శనకి ఆరు రోజులుందనగా వాన తెరిపిచ్చింది. అప్ప ఫోను చేసింది. బొమ్మ ఆరలేదని ఏడుస్తున్నావట, తీసుకురా, ఎండబెట్టడం నాకు నేర్పాలా అంది. మొత్తం దీవుల్లో దేన్నైనా ఆరబెట్టడం తెలిసిన మనిషి నా సొంత అప్పే కదా, ఈ మాట నాకే తట్టలేదేమిటి అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే బొమ్మని ఒళ్లో పట్టుకుని ఫెర్రీ ఎక్కాను. తడి రంగుకి ఎవరి మోచెయ్యీ తగలకుండా చుట్టూ మోటారుసైకిళ్లవాళ్లని కసురుకుంటూ హార్బరు దాటాను.

అప్ప మంచె మీద కవళ్లని కొంచెం పక్కకి జరిపి చోటు చేసింది. బొమ్మని వల మీద వెల్లకిలా పెట్టాం. నేను జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాను. కాకి వాలకూడదు. మేక నాకకూడదు. వానొస్తే లోపల పెట్టాలి. పైన గుడ్డ కప్పకూడదు, అంటుకుపోతుంది. వేలు పెట్టి చూడకూడదు. అప్ప అన్నిటికీ తలూపింది. నేను నిశ్చింతగా ఆఫీసుకి పోయి ఆ రోజంతా స్టాంపులు కొట్టుకున్నాను. చెప్పకుండా వదిలేసిన జాగ్రత్త ఒకటుందని నాకు తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది?

సాయంత్రం ఫెర్రీకి దిగేసరికి అప్ప జెట్టీకే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. రా, చూద్దువుగాని, రెండు పక్కలా ఆరింది అంది.

రెండు పక్కలా అన్న మాట నా బుర్రలోకి వెళ్లడానికి నాలుగడుగులు పట్టింది. అయిదో అడుగు నుంచి పరిగెత్తాను.

బొమ్మ వల మీద బోర్లా ఉంది. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి ఉన్నాయి. నీడ కాళ్ల కిందికి రాగానే అప్ప మంచె మీద ఉన్నదాన్నల్లా తిరగేసింది. చేపల్ని తిరగేసినట్టే బొమ్మనీ తిరగేసింది, తిరగేసి అరచేత్తో అదిమింది. ఎత్తి చూస్తే, పొద్దుటి ఎండకి పైపైన గట్టిపడిన రంగు మీద వల గళ్లన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి ముద్రపడి ఉన్నాయి. సముద్రం మీద గళ్లు, అప్ప వీపు మీద గళ్లు. నీళ్లు వేసిన చోట కవళ్ల పొలుసులు అతుక్కుని ఉన్నాయి. కింది మూలలో ఒక తోక.

నాకు కోపం వస్తే నోటికీ బుర్రకీ సంబంధం ఉండదు. అప్ప వెనకే నిలబడి ఉంది, ఇంకా మెప్పు కోసం చూస్తూనే ఉంది. అప్పుడన్నాను.

“చేపలమ్ముకునేదానికి బొమ్మ సంగతేం తెలుస్తుంది. నాదే బుద్ధితక్కువ.”

అన్నాక విన్నాను నేనేమన్నానో. అప్ప మొహంలో వెలుగు పోయింది. తర్వాత మెల్లిగా అంది.

“అది నానేనని నువ్వే కదేటి సెప్పినావు. నన్ను కుళ్లనిస్తానేటి? తిరగేసినాను.”

నేను బొమ్మ చంకన పెట్టుకుని తిరుగు ఫెర్రీ ఎక్కేశాను. ఆవిడ నా కోసం నెత్తళ్ల ఇగురు వండి పెట్టింది. ఆ ఇంటి గడప దాకా వెళ్లి ముద్ద తినకుండా వచ్చేయడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఫెర్రీ కదిలాక వెనక్కి చూస్తే జెట్టీ మీద ఆవిడ కనిపించలేదు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో హైస్కూలుకి పోయే రోజుల్లో ఫెర్రీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేది. మళ్లీ ఫెర్రీ వెనక్కి తిప్పమని డ్రైవరుని అడగాలనిపించింది. సిగ్గేసి అడగలేదు.

ఆ తర్వాత రోజూ వచ్చే ఫోను రాలేదు. మార్కెట్టు రోజున గంపా రాలేదు. నేను చేస్తే బావ ఎత్తాడు. మీ అప్ప నాతో కూడా మాట్లాడటం లేదు, ఇంట్లో రేడియో పాడైనట్టుంది, ఏం చేశావు తల్లీ అని అడిగాడు. తప్పైపోయిందని చెప్పు బావా అన్నాను. ఆ మాట నేను మోయను, నువ్వే వచ్చి చెప్పుకో అని పెట్టేశాడు. వెళ్లాలంటే భయమేసింది. ప్రదర్శన రోజుకి రమ్మని మాత్రం ఇంకో ఫోను చేసి ఆయనతోనే చెప్పాను.

బొమ్మ వెనక్కి తీసుకుంటానని చెప్పడానికి మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూశారు. అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు, కళ్లజోడు తీసి చూశారు. పక్కనుంచి పడే వెలుతురుకి గళ్ల అంచులన్నీ మెరుస్తున్నాయి, పొలుసులున్న చోట నీళ్లు నిజంగా కదిలినట్టు ఉన్నాయి. ఏ కత్తితో గీశావు ఇది అని అడిగారు. పొలుసులు గీకేస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. తోక ఒక్కటి తీయడానికి ఒప్పుకున్నారు. ఇన్నాళ్లుగా వేస్తున్నావు, వెలుతురు ఇవాళ పట్టుబడింది అన్నారు. ఆ మాట కోసం నేను రెండేళ్లు ఎదురుచూశాను. విన్నాక ఒక్క ముక్క సంతోషం కలగలేదు.

ఆదివారం హాలు తెరిచారు. నా బొమ్మ దగ్గర అందరికంటే ముందు చేరింది హాలు వాచ్‌మన్ పిల్లి. వచ్చి, పైకి చూసి, బొమ్మ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తోలితే వెళ్లి మళ్లీ వచ్చింది. దాని మూలంగా జనం అక్కడ గుమిగూడారు. కళ గొప్పదైతే మూగజీవాలకి కూడా తెలుస్తుందని ఒకాయన ఎవరికో వివరిస్తున్నాడు. పిల్లికి తెలిసింది కళ కాదు, కవళ్లు.

పది దాటాక అప్ప వచ్చింది. ఊదారంగు పట్టుచీర, పౌడరు, చేతిలో స్టీలు క్యారేజీ. నన్ను చూసింది, పలకరించలేదు. తిన్నగా బొమ్మ దగ్గరికి వెళ్లి, దానికి ఎడమపక్కన గోడకి ఆనుకోకుండా నిలబడింది. కుర్చీ వేస్తే వద్దంది. ఎందుకు నిలబడ్డారని మాస్టారు హిందీలో అడిగితే, బొమ్మలో మొహం లేదు కదా, మొహం కావలసినవాళ్లు నాది చూసుకుంటారని వచ్చాను అని చెప్పింది. మాస్టారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను దూరంగా విజిటర్ల పుస్తకం పెట్టిన బల్ల వెనక కూర్చుని ఉన్నాను. లేచి వెళ్లి కాళ్లమీద పడిపోదామనిపించింది. అంతమందిలో ధైర్యం చాలక పుస్తకంలో సంతకాలు లెక్కపెట్టాను.

అప్పుడే మా సూపరింటెండెంట్ మేడం వచ్చింది. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నదాన్ని నేనే. మేడం బొమ్మ ముందు నిలబడి తలెత్తి చాలాసేపు చూసింది. కింద చీటీ చదివింది. అకేలీ ఔరత్. ఎంత ఒంటరిగా ఉందో పాపం, చూస్తే గుండె తరుక్కుపోతోంది అని హిందీలో అని, నా వైపు తిరిగి, ఎవరీవిడ అంది.

అప్ప నన్ను చూసింది. ఆ సాయంత్రం గంప వెనక నుంచి చూసినట్టే చూసింది. ఏం చెబుతానో అని ఎదురుచూడటం కూడా లేదు ఆ చూపులో. ఎలాగూ చెప్పనని తెలిసినట్టు ఉంది.

“మేరీ దీదీ,” అన్నాను.

గట్టిగా వచ్చింది. మిగతా బొమ్మల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పిల్లి లేచి నిలబడింది. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఈవిడే, ఇక్కడ నిలబడ్డావిడే, మా సొంత అప్ప, మీరు మా వీధి మొదట్లో నెత్తళ్లు కొనేది ఈవిడ దగ్గరే, ఈ గళ్లన్నీ కూడా ఈవిడ చేసినవే అని హిందీలో, తెలుగులో, ఏది ముందు నోటికొస్తే అందులో చెప్పేశాను. మేడం బొమ్మ మీంచి అప్ప వైపుకి తిరిగింది. పట్టుచీరలో పోల్చుకోలేక ఒక క్షణం తడబడింది. ముందు చేతులు చూసింది, చేతులు గుర్తుపట్టింది, ఆ తర్వాత తల ఎత్తి మొహం చూసింది. అరే, దీదీ, మీరా అంది. ఇంత ఒంటరిగా వేసేసిందేమిటి మిమ్మల్ని అని కూడా అంది.

అప్ప క్యారేజీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

“అకేలీ కహాఁ, మేడం? సామ్నే పూరా గావ్ ఖడా థా,” అంది. ఒంటరినెక్కడ, ఎదురుగా ఊరంతా నిలబడి ఉంది అని. తర్వాత గడ్డంతో నా వైపు చూపించింది. “ఔర్ యే సబ్‌సే ఆగే బైఠీ థీ.”

అందరికంటే ముందు ఇది కూర్చుని ఉంది అని.

ఆ పక్కన మాస్టారు గళ్ల గురించి అడుగుతుంటే అప్ప ఆయనకి నీడ కాళ్ల కిందికి రావడం గురించి, తిరగేయడం గురించి, అరచేత్తో అదమడం గురించి ఓపిగ్గా చెప్పింది. ఆయన ఎవరి మాటా అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. అయ్యాక అప్ప బల్ల దగ్గరికి వచ్చి, విజిటర్ల పుస్తకం పక్కకి తోసి, క్యారేజీ మూత తీసింది.

“ఆ దినం తినకండా ఎలిపోనావు. పిల్లి సూసీలోపు తినీ,” అంది.

పిల్లి అప్పటికే చూసేసి బల్ల కిందికి వచ్చింది. నేను అక్కడే, అందరి ముందు, నెత్తళ్ల ఇగురుతో అన్నం కలుపుకుని తిన్నాను. కళ్లు తుడుచుకుంటుంటే మేడం చూసి, చాలా కారంగా ఉందా అని అడిగింది. అవునన్నాను. అప్ప ఇగురులో కారం ఎప్పుడూ తక్కువే వేస్తుంది.